మూడు నోటు పుస్తకాలు

కోయంబత్తూరు నగరానికి తూర్పున, తిరుచ్చి రోడ్డు మీద సింగానల్లూరు ఉన్నది. ఒకప్పుడు ఇది విడి ఊరు, విడి పురపాలక సంఘం. 1981లో కోయంబత్తూరు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. దక్షిణాన నొయ్యల్ నది, ఆ నది నీటితో నిండే పెద్ద చెరువు, చుట్టూ పత్తి పండే చేలు. ఇదీ పాత సింగానల్లూరు. 1930ల తొలినాళ్ళలో నీలగిరుల మీది పైకారా నుండి జలవిద్యుత్తు మైదానానికి దిగివచ్చింది. ఆ వెనుకనే కోయంబత్తూరు చుట్టుప్రక్కల నూలు మిల్లులు వరుసగా లేచాయి. చేలు కొన్ని మిల్లులయ్యాయి, కొన్ని మిల్లు కార్మికుల ఇళ్ళయ్యాయి. ఆ మిల్లులలో చాలావాటికి ఇప్పుడు తాళాలు పడ్డాయి.

ఈ నేలల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలో కొందరు, మధుర నాయకుల కాలంలో కొందరు ఉత్తరం నుండి వచ్చారు. సేద్యం చేసేవారు, మగ్గం నేసేవారు, కూలికి పోయేవారు, అందరూ వారిలో ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలో తమిళం. బడిలో చదివింది ఎక్కువమంది తమిళమే. అందుచేత తెలుగు నోటికి వస్తుంది, చేతికి రాదు.

అటువంటి ఇంటి ఆడపడుచు ఒకామె నూలు అంగడిలో లెక్కలు వ్రాస్తుంది. వయసు యాభై దాటింది. ఇరవై అయిదేళ్ళ క్రితం వాళ్ళ అవ్వ మంచం పట్టింది. ఆ రోజుల్లో అంగడి నుండి వచ్చిన తరువాత మంచం ప్రక్కన కూర్చుని, అవ్వ చెప్పినదంతా మూడు నోటు పుస్తకాలలో వ్రాసిపెట్టింది. అవ్వ చెప్పింది తెలుగులో. మనుమరాలు వ్రాసింది కూడా తెలుగే. అక్షరాలు మాత్రం తమిళం. వేరే అక్షరాలు ఆమెకు రావు మరి.

ఇది వింత అనుకోనక్కరలేదు. త్యాగరాజస్వామి కీర్తనలు తమిళనాట ఎందరో నేర్చుకొన్నది తమిళ లిపిలో అచ్చయిన పుస్తకాల నుండే. తమిళంలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికీ ఒకే అక్షరం. చ, ట, త, ప వర్గాలకూ అంతే. కీర్తనల పుస్తకాలు అచ్చువేసేవారు దీనికొక ఉపాయం చేశారు. అక్షరం ప్రక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి, ఏ ధ్వని పలకాలో గుర్తుపెట్టారు. సంగీతం నేర్చేవారికి గురువు ఎదుట ఉంటాడు కనుక చిక్కు లేదు. నోటు పుస్తకాలు వ్రాసిన మనుమరాలికి ఈ అంకెల సంగతి తెలియదు. తెలిసినా, అవ్వ చెప్పే వేగానికి అంకెలు వేసే తీరిక ఎక్కడిది?

అవ్వ పోయిన తరువాత పుస్తకాలు బియ్యం డబ్బా వెనుక పెట్టెలో పడి ఉన్నాయి. వాటిని నవలగా వ్రాయాలన్న కోరిక మాత్రం పడి ఉండలేదు. ఈ మధ్య కోయంబత్తూరులోని ఒక కళాశాలలో నవలా రచన గురించి, ప్రచురణ గురించి రెండు రోజుల సదస్సు జరుగుతున్నదని గోడ మీద కాగితం చూసి, రుసుము కట్టి పేరు ఇచ్చింది.

“నవల వ్రాయను బడి ఉండాదా అక్కా?” అని తమ్ముడు నవ్వాడు.

“వంట నేర్పను లేదా? చూసి వస్తా” అన్నది ఆమె.

సదస్సు తమిళంలో జరిగింది. మొదటి ఉదయం మాట్లాడినవారు ఒక వృద్ధ నవలాకారుడు. నవల అంటే పెద్ద కథ అని చాలామంది అనుకొంటారని, పొడవు పెరిగినంత మాత్రాన కథ నవల కాదని ఆయన మొదలుపెట్టారు. కాలాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పడానికి ఎక్కువసేపు తీసుకొన్నారు. ఒక రాత్రి మీద నవల వ్రాయవచ్చు, మూడు తరాల మీద వ్రాయవచ్చు. రాత్రిని ఎంచుకొన్నవాడు ప్రతి గడియనూ చూపాలి. తరాలను ఎంచుకొన్నవాడు పదేళ్ళను ఒక వాక్యంలో దాటే ధైర్యం చేయాలి. ఏ పదేళ్ళు దాటాలి, ఏ గడియ దగ్గర ఆగాలి అన్నది తెలిస్తే సగం పని అయినట్లే.

తరువాత ఆయన కొంగునాటికి వచ్చారు. ఆర్. షణ్ముగసుందరం 1942లో వ్రాసిన నాగమ్మాళ్ అనే నవలలో ఈ ప్రాంతపు పల్లె జనం మాట్లాడే తమిళం ఉన్నది. పుస్తకాల భాషలో కాక పొలం గట్టు మీది భాషలో నవల నడపవచ్చునని ఆ చిన్న పుస్తకం చూపింది. దాని తరువాత ఆయన చెప్పిన పేరు వినగానే మన సింగానల్లూరు ఆమె నిటారుగా కూర్చున్నది. ఆ పేరు కి. రాజనారాయణన్.

కి. రా. అని తమిళులు ప్రేమగా పిలుచుకొనే ఈ రచయిత 1923లో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే పల్లెలో పుట్టారు. ఇంటి భాష తెలుగు. చేసింది నల్లరేగడి సేద్యం. బడి చదువు ఉన్నత పాఠశాల కూడా దాటలేదు. ముప్పై ఏళ్ళు వచ్చిన తరువాత గాని కథలు మొదలుపెట్టలేదు. 1976లో వెలువడిన ఆయన నవల గోపల్ల గ్రామం తెలుగు కుటుంబాల వలస కథ. ఒక ఆడపిల్లను కాపాడుకోవడానికి ఉన్న ఊరు విడిచి దక్షిణానికి నడిచివచ్చి, అడవి కొట్టి, ఊరు కట్టుకొన్నవారి కథ అది. అందులో ఆ పూర్వకథను చెప్పేది నూరేళ్ళు ఎప్పుడో దాటిన ఒక ముసలమ్మ, మంగత్తాయారు. నాయకుడంటూ ఒకడు లేడు, ఊరే నాయకుడు. దాని తరువాయి భాగమైన గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమతి వచ్చింది. కరిసల్ నేల జనం మాటలను ఏరి ఆయన ఒక నిఘంటువు కూడా కూర్చారు. పట్టా లేని ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆచార్యుడిగా పిలిచి కూర్చోబెట్టింది. 2021లో కన్నుమూసేవరకు ఆయన వ్రాస్తూనే ఉన్నారు.

తెలుగు అవ్వల కథ నవల అయింది, తమిళంలో అయింది. ఈ మాట ఆమెకు ధైర్యమూ ఇచ్చింది, దిగులూ పుట్టించింది.

మధ్యాహ్నం ఒక్కొక్కరూ తాము వ్రాసిన పుట ఒకటి చదవాలి. ఆమె వంతు వచ్చింది. మొదటి నోటు పుస్తకంలోని మొదటి పుట తెలుగులో చదివి, తమిళంలో అర్థం చెప్పింది. ఏ ఏడు అవ్వ పుట్టింది, ఏ ఏడు కాపురానికి వచ్చింది, ఎందరు పిల్లలు, ఎందరు దక్కారు, చేను ఎన్ని ఎకరాలు, ఎంతకు అమ్మారు. అన్నీ వరుసగా ఉన్నాయి.

నవలాకారుడు కళ్ళు మూసుకొని విన్నారు.

“అమ్మా, మీరు ఏం పని చేస్తారు?”

“లెక్కలు వ్రాస్తానండి.”

“అలాగే ఉన్నది. మీ అవ్వ మీకు కథ చెప్పింది. మీరు పద్దు వ్రాసుకొన్నారు” అన్నారాయన. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. “అవ్వకు ఏది కావాలి? ఏది దక్కకుండా పోయింది? దాని జోలి ఈ పుటలో లేదు. పుస్తకంలో ఇంకెక్కడైనా ఉంటుంది, చూడండి.”

ఆమె పుటలు తిరగవేసింది. మూడో పుట అడుగున ఒక వాక్యం ఉన్నది. చదివింది: మిల్లు కూత వేసే పొద్దుకు అవ్వ వీధి కొనలో గుడి పక్కకు తిరిగి పోయేది, ఎండ ఎక్కినాక కడవతో వచ్చేది.

“మిల్లు ఎటువైపు?”

“అటు ప్రక్క. వీధి చివర ఎడమకు తిరిగితే గుడి, చెరువు. కుడికి పోతే మిల్లు. మా చేను అమ్మింది ఆ మిల్లుకే.”

ఆయన కళ్ళు తెరిచారు. “చేను పోయింది. దాని మీద మిల్లు లేచింది. ఆమె రోజూ కూత వినగానే దానికి వీపు త్రిప్పి పోయేది. నవల ఇక్కడ మొదలవుతుంది. పుట్టిన సంవత్సరం తరువాత చెప్పవచ్చు.”

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ఇరవై అయిదేళ్ళుగా తాను వ్రాసిన పుస్తకమే, అందులో ఆ వాక్యం ఉన్న సంగతి ఎవరో అడిగితే గాని తెలియలేదు. ఇటువంటి సదస్సుల వలన కలిగే మేలు ఇంతే కాబోలు. నవల వ్రాయడం ఎవరూ నేర్పలేరు. వ్రాసినదానిలో ఎక్కడ ప్రాణం ఉన్నదో వేలుపెట్టి చూపే చదువరి మాత్రం ఒక్కోసారి దొరుకుతాడు.

రెండవ రోజు వ్యాపారం మాట. మాట్లాడింది ఒక ప్రచురణకర్త. వ్రాసేవారు ఈ భాగాన్ని చిన్నచూపు చూస్తారు, అది పొరపాటు. పుస్తకం మొదట కాగితం, తరువాతే కావ్యం.

పెద్ద కాగితం మడిచి కుడితే పదహారు పుటలు వస్తాయి. దాన్ని ఫారం అంటారు. నూట అరవై పుటల నవల అంటే పది ఫారాలు. నూట అరవై రెండు పుటలు వచ్చిందా, ఆ రెండు పుటల కొరకు ఇంకొక కాగితం చెడుతుంది. అందుచేత అచ్చుకు పోయే ముందు రెండు పుటలు తగ్గించమని రచయితను బ్రతిమాలడం ప్రచురణకర్తకు అలవాటు. పుస్తకం వెలలో అమ్మేవారికి సాధారణంగా నూటికి ముప్పై నుండి నలభై పోతుంది. రచయితకు వాడుకగా ఇచ్చేది నూటికి పది. మిగిలినదాంట్లో కాగితం, అచ్చు, కుట్టు, రవాణా, అమ్ముడుపోని ప్రతులు దాచే చోటు.

మన ఆమె చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి లెక్క వేసింది. మూడు వందల ప్రతులు, ఒక్కొక్కటి రెండు వందల రూపాయలు. అన్నీ అమ్ముడైతే అరవై వేలు. అమ్మేవారికి నూటికి ముప్పై అయిదు చొప్పున ఇరవై ఒక్క వేలు. రచయితకు ఆరు వేలు. మిగిలిన ముప్పై మూడు వేలలో అచ్చు ఖర్చు అంతా. అన్నీ అమ్ముడైతే అన్న మాట క్రింద రెండు గీతలు గీసింది. నూలు అంగడిలో ఆమె రెండు నెలల కిరాణా ఖర్చు ఇంతకంటే ఎక్కువ. ఆమె ముఖంలో నిరాశ ఏమీ కనబడలేదు. లెక్క తేలినందుకు తృప్తిగానే ఉన్నట్లు అనిపించింది.

ఒడంబడిక గురించి ప్రచురణకర్త గట్టిగా చెప్పారు. సర్వహక్కులూ అన్న ఒక్క మాట మీద సంతకం పెట్టరాదు. అచ్చు హక్కు వేరు, అనువాద హక్కు వేరు, సినిమా హక్కు వేరు, చదివి వినిపించే హక్కు వేరు. ఎన్ని ఏళ్ళకు ఇస్తున్నారో వ్రాయించుకోవాలి. మన దేశపు చట్టం ప్రకారం వ్రాసిన క్షణం నుండి హక్కు రచయితదే. నమోదు చేయించకపోయినా హక్కు పోదు. తగవు వస్తే నమోదు సాక్ష్యంగా పనికివస్తుంది. రచయిత బ్రతికినంత కాలమూ, ఆ పైన అరవై ఏళ్ళూ ఆ హక్కు నిలుస్తుంది. పుస్తకానికి వేసే ఐ.ఎస్.బి.ఎన్. అనే పదమూడు అంకెల సంఖ్యను మన ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కరలేదు. రచయిత దగ్గర సొమ్ము తీసుకొని అచ్చువేసి ఇచ్చేవారు ఉన్నారు, వారు అచ్చుపనివారు. వారిని ప్రచురణకర్తలని నమ్మి ఇంట్లో ఉన్నది ఊడ్చి ఇచ్చినవారు ఎందరో. ఇంకొక సంగతి కూడా ఆయన చెప్పారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయంతో పాటు మరి మూడు గ్రంథాలయాలకు చేరాలి. వాటిలో చెన్నైలోని కన్నెమరా ఒకటి. ఎవరూ కొనకపోయినా పుస్తకం అక్కడ ఉంటుంది.

ప్రశ్నలు అడగమన్నప్పుడు ఆమె లేచి నిలబడింది. “తెలుగు మాట, తమిళ అక్షరం. అలా అచ్చువేస్తారా?”

ప్రచురణకర్త కొంచెం ఆలోచించారు. “హైదరాబాదులో ఉన్నవారు మీ అక్షరం చదవలేరు. ఇక్కడి తమిళులు మీ మాట అర్థం చేసుకోలేరు. రెండూ తెలిసినవారు కోయంబత్తూరు, తేని, మదురై, కోవిల్‌పట్టి అంతటా ఉన్నారు, నిజమే. కాని వారు చదవదలిస్తే తమిళ నవల కొంటారు. మీరు తమిళంలో వ్రాయండి, నేను చూస్తాను.”

వ్యాపారికి తగిన జవాబే. తప్పు పట్టడానికి లేదు. ఆమె కూర్చున్నది.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఆమె ప్రక్కకు వచ్చి కూర్చున్నారు. ఆయన చెన్నై నుండి వచ్చిన అనువాదకులు, తమిళం నుండి తెలుగుకు, తెలుగు నుండి తమిళానికి నవలలు మార్చిన అనుభవం ఉన్నవారు.

“ఎందుకమ్మా, అంత దిగులు? మీ అక్షరం అరువు గాని మాట సొంతమే కదా” అన్నారు.

“మా తెలుగు పుస్తకాల తెలుగు కాదు సార్. ఉండాది, పోయినాము, యాడ అంటాము. అవ్వ చెప్పిన మాటలు మార్చి వ్రాస్తే అది అవ్వ కాదు.”

“ఎవరు మార్చమన్నారు?” అని పెద్దాయన నవ్వి, పెరుగన్నం కలుపుతూనే చాలాసేపు చెప్పారు.

తెలుగు వచనానికి దక్షిణ దేశం పుట్టిల్లు కాకపోయినా పెంచిన ఇల్లు. పద్దెనిమిదవ శతాబ్దం తొలినాళ్ళలో మదురను ఏలిన విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగు వచనం వ్రాశాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో వ్రాశాడు. తెలుగు నవల రావడానికి అది నూటయాభై ఏళ్ళకు ముందు మాట. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో మొదలైంది. మొదట పత్రికలో వాయిదాల మీద వచ్చి, తరువాత పుస్తకమైంది. 1893లో న్యాపతి సుబ్బారావు చింతామణి పత్రిక తరఫున నవలలకు పోటీ పెట్టారు. బహుమతి ఉన్నదనగానే వ్రాసేవారు పుట్టుకొచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం రామచంద్ర విజయం ఆ పత్రిక పోటీలలో గెలిచిందే. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన పోటీలో విశ్వనాథవారి వేయిపడగలు, అడివి బాపిరాజు నారాయణరావు బహుమతిని పంచుకొన్నాయి. పత్రిక, పోటీ, బహుమతి. తెలుగు నవల మొదటి నుండి వీటి వెంటే నడిచింది.

“ఇక మాట సంగతి వినండి. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి వ్రాసింది ఈ తమిళనాట వేలూరు జైలులోనే. గుంటూరు పల్లెల్లో కూలిజనం ఎలా మాట్లాడుకొంటారో అలాగే వ్రాశారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది, జనం దాచుకొని చదివారు. కేశవరెడ్డి చిత్తూరు సీమ మనిషి. అడవిలో ఒక ముసలి పందుల కాపరి ఒక రాత్రి పడిన పాటు మీద నవల వ్రాశారు, అతడు అడవిని జయించాడు అని. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కడప జిల్లా గొర్రెల కాపరుల మాటలతో కొండపొలం వ్రాశారు. 2019లో అమెరికా తెలుగువారి తానా సంస్థ బహుమతి దానికి వచ్చింది, తరువాత సినిమా కూడా తీశారు. గుంటూరు మాటకు, చిత్తూరు మాటకు, కడప మాటకు చోటున్నప్పుడు సింగానల్లూరు మాటకు ఎందుకు ఉండదు? అయితే ఒకటి. ఆ చోటికి పోవాలంటే ఆ అక్షరాలలో పోవాలి.”

“ఈ వయసులో అక్షరాలా సార్?”

“కి. రా. మొదటి నవల అచ్చయ్యేనాటికి ఆయనకు యాభై దాటింది” అని చేయి కడుక్కోవడానికి లేచారాయన.

సింగానల్లూరు ఇంటిలో అక్షరాలు వచ్చిన మనిషి ఒక్కతే ఉన్నది. తమ్ముని కూతురు, బడిలో తెలుగు చదువుకొనే పదేళ్ళ పిల్ల. అత్తకు పాఠం చెప్పే పని ఆ పిల్లకు బాగా నచ్చింది. పలక దొరకక పాత క్యాలెండరు వెనుక వైపు వ్రాయించింది. అచ్చులు మూడు రోజుల్లో వచ్చాయి. తలకట్టు, దీర్ఘం, గుడి కూడా వచ్చాయి. ఒత్తుల దగ్గర తగవు పడింది.

“అత్తా, ఇది ద. కడుపులో చుక్క పెడితే థ. నువ్వు అన్నిటికీ చుక్క పెడతా ఉండావు.”

“రెండు పెడితే ఏమి పోయింది?”

“టీచరు కొడతారు.”

ఆరు నెలలు గడిచేసరికి ఆమె నోటు పుస్తకాలు ముందు పెట్టుకొని, ఒక్కొక్క వాక్యమే తెలుగు అక్షరాలలోకి దించడం మొదలుపెట్టింది. మామూలు నకలు పని అనుకొన్నది. పది పుటలు దాటకముందే అది నకలు కాదని తెలిసింది. తమిళ అక్షరం నాలుగు ధ్వనులను ఒకే గూటిలో దాచింది, తెలుగు అక్షరం ఏదో ఒకటి తేల్చమంటుంది. అవ్వ నెత్తిన పెట్టుకొని వచ్చింది గంపా, కంపా? గంప అయితే సంతకు పోయి వచ్చినట్లు, కంప అయితే పొయ్యిలోకి ముళ్ళు కొట్టుకొచ్చినట్లు. చిన్నాయన బడి విడిచాడా, పడి విడిచాడా? ఇటువంటివి చాలావరకు ముందు వెనుక మాటలు చూస్తే తేలిపోయేవి. తేలనివి పెన్సిలుతో చుట్టి పెట్టుకొన్నది.

ఒక సాయంకాలం మేనకోడలు ప్రక్కన కూర్చుని, మొదటి ప్రకరణం చదువుతున్నది. అది అప్పటికే పద్నాలుగు పుటలయింది. మిల్లు కూత, వీధి చివర, గుడి వైపు తిరిగిన అవ్వ వీపు. నవలాకారుడు చెప్పినట్లే మొదలుపెట్టింది. పిల్ల తమిళ నోటు పుస్తకాన్ని కూడా తీసి, వేలు పెట్టి చూసింది.

“అత్తా, ఇక్కడ కుడి అని ఉండాది కదా?”

“కుడి కాదు పాపా, గుడి.”

“రెండూ ఇట్లే వ్రాస్తారు కదా. కుడి పక్కకు తిరిగి పోయేది.”

ఆమె ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. ప్రతిసారీ గుడి అనే చదివింది. పుట్టినప్పటి నుండి ఎదుట గుడి ఉన్నది గనుక అలా చదివింది. అవ్వ నోటి వెంట వచ్చిన ధ్వని ఏదో, ఇరవై అయిదేళ్ళ తరువాత చెవిలో వెదికితే దొరకలేదు. గుడి అయితే అవ్వ మిల్లుకు వీపు త్రిప్పింది. కుడి అయితే రోజూ మిల్లు వైపే నడిచింది. ఒక్క అక్షరంలో మనిషి మారిపోయింది.

అవ్వ చెల్లెలు ఒకామె ఇంకా ఉన్నది, ఒండిపుదూరులో కొడుకు దగ్గర. తొంభై ఏళ్ళు ఉంటాయి. కళ్ళు మసక, చెవులు పాముచెవులు. ఆదివారం నాడు అరటిపండ్లు తీసుకొని ఆమె చిన్నవ్వ ఇంటికి పోయింది. నోటు పుస్తకం తీసి, వాక్యం చదవకుండా సంగతి మాత్రమే అడిగింది.

“మిల్లు కూత వేసేటప్పుడు అవ్వ యాడికి పోతా ఉండె చిన్నవ్వా? గుడికా?”

“యే గుడికి?”

“వీధి కొనలో ఉండేదానికి.”

“అది అప్పుడు యాడ ఉండాది? నువ్వు పుట్టే ముందర కట్టినారు. అప్పుడు ఆడ చింతచెట్టు” అన్నది ముసలామె. కొంచెం ఆగి, “మిల్లు కాడికి పోయేది. నా చేతిలో కడవ ఇచ్చి నన్నూ పిలుచుకోని పోయింది శానాసార్లు” అన్నది.

“చేను అమ్మినాక ఆడ ఏం పని?”

“చేను అమ్మినారు, బావి మిల్లు వాళ్ళు పూడ్చలేదు. లోపలే ఉండె. గేటు కాడ వాచ్‌మేను మనవాడే, కూత అయినాక లోపలికి విడిచేవాడు. చేద వేసి ఒక్క కడవ తోడుకోని వచ్చేది. ఆ నీళ్ళకు పప్పు బాగా ఉడుకుతుందని చెప్పేది.”

“నిజంగా ఉడికేదా?”

చిన్నవ్వ అరటిపండు తొక్క తీస్తూ, “అన్ని నీళ్ళకూ ఉడుకుతుంది. మీ తాత తవ్విన బావి అది. దాన్ని తవ్వేటప్పుడు మట్టి మోసింది మేమే” అన్నది.

ఆ రాత్రి ఆమె మొదటి ప్రకరణం పద్నాలుగు పుటల మీద అడ్డంగా గీత కొట్టింది. సదస్సులో మెచ్చుకొన్న ఆరంభం పోయింది. వీపు త్రిప్పుకొని పోయే అవ్వను వ్రాయడం తేలిక, అటువంటి అవ్వను ఎవరైనా ఊహించవచ్చు. అమ్ముకొన్న చేనులోకి వాచ్‌మేను దయ మీద రోజూ పోయి ఒక కడవ నీళ్ళు తెచ్చుకొన్న మనిషిని ఎలా వ్రాయాలో ఆమెకు వెంటనే తోచలేదు. తెల్ల పుట ఎదుట చాలాసేపు కూర్చుని, చివరకు దీపం ఆర్పేసింది.

మరునాడు అంగడికి పోయే ముందు వీధి చివర కుడికి తిరిగి, మిల్లు గేటు దాకా నడిచింది. గేటుకు గొలుసు, తాళం. రేకుల సందులోంచి చూస్తే మోకాలి ఎత్తు గడ్డి, విరిగిన కప్పులు తప్ప ఏమీ కనబడలేదు. బావి ఏ మూల ఉండేదో చిన్నవ్వను అడగలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. అంగడికి ఫోను చేసి, ఒక గంట ఆలస్యమవుతుందని చెప్పి, ఒండిపుదూరు బస్సు ఎక్కింది.